నడిసంద్రంలో గాలిమరలు

సముద్రం మధ్యలో వరసగా గాలిమరలు నిలబెట్టి, అక్కడ పుట్టిన కరెంటును ఒడ్డుకు తెచ్చే ఏర్పాటునే ఆఫ్‌షోర్ విండ్ ఫామ్ అంటారు. ఫొటోల్లో నీటి పైన తిరిగే రెక్కలే కనిపిస్తాయి. అసలు నిర్మాణంలో అది సగం కూడా కాదు. సముద్రగర్భంలోకి దిగ్గొట్టిన పునాదులు, ఇసుకలో పాతిన కేబుళ్లు, నీటి మధ్యలోనే కట్టిన సబ్‌స్టేషన్, ఇంత సరంజామానూ మోసుకెళ్లే ఓడలు, వాటికి తగిన రేవు అన్నీ సమకూరితేనే ఒక కేంద్రం తయారవుతుంది. గాలికి ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదు. ఆ గాలికి ఎదురుగా ఉప్పునీటిలో పాతికేళ్లు మరను నిలబెట్టడానికే ఖర్చంతా.

నేల మీది గాలిమరలు తెలుగువారికి కొత్త కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద 1990లలోనే రెక్కలు తిరిగాయి. తిరుమల కొండకు వెళ్లే భక్తులకూ అక్కడ గాలిమరలు కనిపిస్తాయి. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో గాలి విద్యుత్తు సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది. అందులో ఎక్కువ భాగం రాయలసీమదే. తెలంగాణలో మాత్రం అది 128 మెగావాట్లే. దేశం మొత్తం మీద ఈ సామర్థ్యం 2025లో 50,000 మెగావాట్లకు చేరింది. ఇందులో ఒక్క మెగావాటు కూడా సముద్రం నుంచి వచ్చింది కాదు.

కడలి గాలి లెక్క

నేల మీద ఇంత చోటుండగా సముద్రంలోకి ఎందుకు వెళ్లాలి? జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. గాలి వేగం రెట్టింపయితే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో వీచే గాలి 8 మీటర్లకు పెరిగితే, వేగం పెరిగింది మూడో వంతే అయినా శక్తి రెండు రెట్లు దాటిపోతుంది. నేల మీద కొండలు, చెట్లు, ఇళ్లు గాలిని అడ్డుకుని సుళ్లు తిప్పుతాయి. నీటి మీద ఆ అడ్డు లేదు కాబట్టి గాలి బలంగా, నిలకడగా వీస్తుంది.

రెండో లెక్క రెక్కల పొడవుది. రెక్క పొడవు రెట్టింపయితే అది గాలిని పట్టే వైశాల్యం నాలుగింతలవుతుంది. నేల మీద రెక్కల పొడవుకు రోడ్డు మలుపే హద్దు. యాభై, అరవై మీటర్ల రెక్కను ట్రైలర్ మీద ఎక్కించి ఘాట్ రోడ్డు తిప్పడమే గగనం. ఓడకు మలుపుల బాధ లేదు. బ్రిటన్ తూర్పు తీరానికి దూరంగా డాగర్ బ్యాంక్ అనే చోట నిలబెడుతున్న 13 మెగావాట్ల మరలకు ఒక్కో రెక్క 107 మీటర్లు. మూడు రెక్కలూ కలిసి గీసే చక్రం అడ్డకొలత 220 మీటర్లు. రైతు లెక్కలో చెబితే, ఒక్క మర తొమ్మిదెకరాలకు పైగా గాలిని జల్లెడ పడుతుంది.

అయినా ఆ గాలిలోని శక్తినంతా పిండుకోవడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. 59.3 శాతానికి మించి తీయలేమని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల క్రితమే లెక్కగట్టాడు. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక వచ్చే గాలికి దారి ఉండదు. కొంత గాలిని వదిలేస్తేనే మర తిరుగుతుంది.

ఇటుక పడేలోపు పదేళ్లు

సముద్రపు విండ్ ఫామ్‌ల చరిత్ర 1991లో డెన్మార్క్‌లోని విండెబీలో మొదలైంది. అక్కడ పెట్టినవి 11 మరలు, ఒక్కోటి 450 కిలోవాట్లు. అన్నీ కలిపినా 5 మెగావాట్లకు లోపే. అలాంటిది, 2022లో పూర్తయిన బ్రిటన్‌లోని హార్న్‌సీ-2లో 165 మరలు 1,300 మెగావాట్లకు పైగా ఇస్తున్నాయి. డాగర్ బ్యాంక్ మూడు దశలూ పూర్తయితే అది 3,600 మెగావాట్ల కేంద్రం.

ఆ పెద్ద కేంద్రం నడిచిన దారిని చూస్తే ఇందులో ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. డాగర్ బ్యాంక్ సముద్ర భాగాన్ని కంపెనీల కూటమికి కేటాయించింది 2010లో. నిర్మాణానికి అనుమతి 2015లో వచ్చింది. కరెంటుకు ఇంత ధర అన్న ఒప్పందం 2019లో కుదిరింది. మొదటి మర నుంచి గ్రిడ్‌కు కరెంటు చేరింది 2023 అక్టోబరులో. అంటే తొలి అడుగుకూ తొలి యూనిట్‌కూ మధ్య పదమూడేళ్లు గడిచాయి.

ఈ కాలమంతా కొలతలతో, కాగితాలతో గడుస్తుంది. ముందు కొలిచేది గాలిని. పూర్వం ఇందుకు నీటిలో ఎత్తైన స్తంభం పాతేవారు. ఇప్పుడు లైడార్ అనే పరికరం లేజర్ కిరణాలను పైకి వదిలి, గాలిలోని ధూళి కణాలను తాకి తిరిగొచ్చే వెలుగును బట్టి వంద, రెండు వందల మీటర్ల ఎత్తున గాలి వేగాన్ని చెబుతుంది. ఏడాది పొడవునా, వీలైతే అంతకన్నా ఎక్కువ కాలం ఈ కొలత సాగాలి. తర్వాత సముద్రగర్భం వంతు. అడుగున ఇసుకా, బంకమన్నా, రాయా అన్నది బోర్లు వేసి మట్టి తీసి చూస్తారు. ఐరోపా సముద్రాల్లో ప్రపంచ యుద్ధాల నాటి పేలని బాంబులు ఇంకా ఉన్నాయి. వాటిని వెతికి తొలగించాకే పనివాళ్లు దిగుతారు.

ఆ నీటిని అప్పటికే వాడుకుంటున్నవాళ్లతో మాట్లాడుకోవడం అంతకన్నా పెద్ద పని. చేపల వేట, ఓడల దారులు, నౌకాదళం, పక్షుల వలస, తిమింగలాలూ డాల్ఫిన్ల సంచారం అన్నీ లెక్కలోకి రావాలి. మరకూ మరకూ మధ్య కిలోమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఎడం వదలాలి. దగ్గరగా పెడితే ముందు మర దాటి వచ్చే నీరసించిన గాలే వెనక మరకు దక్కుతుంది.

చివరిది కరెంటు కొనే ఒప్పందం. ఖర్చంతా మొదట్లోనే పెట్టాలి, రాబడి మాత్రం పాతికేళ్ల పాటు కొద్దికొద్దిగా వస్తుంది. అందుకే కొనేవారి మాట గట్టిది కాకపోతే బ్యాంకులు అప్పివ్వవు. ఆ మాట విలువ ఎంతో ఆంధ్రప్రదేశ్‌లో నేల మీది మరల విషయంలోనే తేలింది. పాత ఒప్పందాల్లోని ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ 2019లో రాష్ట్ర ప్రభుత్వం సమీక్షకు దిగింది. వివాదం హైకోర్టుకెక్కింది. ఒప్పందంలో రాసుకున్న ధరలే చెల్లించాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది.

నీటి కింద పునాది

సముద్రపు మరకు పునాది వేసే పద్ధతిని నీటి లోతే నిర్ణయిస్తుంది. లోతు తక్కువైన చోట ఎక్కువగా వాడేది మోనోపైల్. చూడ్డానికి అది పెద్ద ఉక్కు గొట్టం, అంతే. కానీ అడ్డకొలత ఎనిమిది నుంచి పది మీటర్లు ఉంటుంది. లోపల మూడు లారీలు పక్కపక్కన పడతాయి. ఉక్కు మందం పది సెంటీమీటర్ల దాకా, బరువు వెయ్యి నుంచి రెండు వేల టన్నుల దాకా ఉంటుంది.

దాన్ని దించే పని చూడదగ్గది. ఓడ క్రేను ఆ గొట్టాన్ని పడుకోబెట్టిన చోటు నుంచి నిలువుగా లేపుతుంది. ఓడ అంచున ఉన్న ఉక్కు పట్టు దాన్ని నడుం దగ్గర ఒడిసి పట్టుకుంటుంది. కిందికి వదలగానే సొంత బరువుకే కొన్ని మీటర్లు మట్టిలోకి దిగుతుంది. అప్పుడు దాని నెత్తిన హైడ్రాలిక్ సుత్తి కూర్చుంటుంది. మొదటి దెబ్బలు మెల్లగా వేస్తారు. ఆ చప్పుడుకు చుట్టుపక్కల ప్రాణులు దూరంగా వెళ్లిపోవాలన్నది ఉద్దేశం. ఆ తర్వాత గంటల తరబడి వేల దెబ్బలు పడతాయి. గొట్టం ముప్పై, నలభై మీటర్లు భూమిలోకి దిగుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య నిలువు చూసుకుంటూనే ఉంటారు. సాధారణంగా వాలు అర డిగ్రీ దాటనివ్వరు. కింద అర డిగ్రీ వాలితే, 150 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి అది మీటరుకు పైగా ఒరుగుతుంది.

సుత్తి శబ్దం నీటిలో చాలా దూరం పాకి సముద్రపు క్షీరదాల వినికిడిని దెబ్బతీస్తుంది. అందుకే జర్మనీలో 750 మీటర్ల దూరంలో శబ్దం 160 డెసిబెల్స్ దాటకూడదని నియమం పెట్టారు. దీనికి కనిపెట్టిన ఉపాయం గాలి బుడగల తెర. చిల్లులు పెట్టిన గొట్టాన్ని మోనోపైల్ చుట్టూ సముద్రం అడుగున వలయంగా పరిచి, అందులోకి గాలి పంపిస్తారు. పైకి లేచే బుడగల గోడ శబ్దాన్ని చాలా వరకు మింగేస్తుంది.

పునాది పడ్డాక మరో శత్రువు ఉంది. ఒడ్డున నిలబడితే, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల చుట్టూ ఇసుక తరిగిపోవడం అందరికీ అనుభవమే. పైలు మొదట్లోనూ ప్రవాహం అలాగే గుంత తీస్తుంది. దానికి అడ్డంగా చుట్టూ రాళ్లు పోస్తారు. తుప్పు పట్టకుండా రంగు వేయడంతో పాటు అల్యూమినియం వంటి లోహపు దిమ్మలు బిగిస్తారు. ఉప్పునీరు వాటిని తినేస్తూ ఉంటే లోపలి ఉక్కు నిలుస్తుంది.

లోతు ఇంకాస్త పెరిగితే గొట్టానికి బదులు నాలుగు కాళ్ల ఇనప చట్రం వాడతారు. దీన్ని జాకెట్ అంటారు. చమురు బావుల ప్లాట్‌ఫారాల నుంచి అరువు తెచ్చుకున్న పద్ధతి ఇది. దాదాపు 60 మీటర్లు దాటితే అడుగున పాతడం గిట్టుబాటు కాదు. అక్కడ మర పడవలా తేలాల్సిందే, లంగర్లే దాన్ని పట్టి ఉంచాలి. స్కాట్లాండ్‌లోని పీటర్‌హెడ్ దగ్గర 2017లో మొదలైన హైవిండ్‌లో ఐదు మరలు ఇలాగే తేలుతూ 30 మెగావాట్లు ఇస్తున్నాయి.

కేబుళ్లు, రేవు, కాళ్ల ఓడ

మరలో పుట్టిన కరెంటు సాధారణంగా 66 కిలోవోల్టుల కేబుళ్ల ద్వారా నీటి మధ్యనున్న సబ్‌స్టేషన్‌కు చేరుతుంది. అక్కడ వోల్టేజీ పెంచి పెద్ద కేబుల్‌లోకి ఎక్కిస్తారు. లంగర్లకూ వలలకూ చిక్కకుండా ఈ కేబుళ్లను ఒకటి నుంచి మూడు మీటర్ల లోతున పాతిపెడతారు. నాగలి లాంటి యంత్రం ముందు చాలు తీస్తూ పోతుంటే వెనకే కేబుల్ పడుతుంది, ఇసుక కప్పుకుంటుంది.

దూరం పెరిగే కొద్దీ ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఇళ్లలో వాడే ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు దిశ మారుతుంది. సముద్రపు కేబుల్‌లోని ఇన్సులేషన్ పొర ప్రతిసారీ కొంత విద్యుత్తును పీల్చి వదులుతుంది. వంద కిలోమీటర్లు దాటితే కేబుల్ సామర్థ్యంలో పెద్ద భాగం ఈ తతంగానికే సరిపోతుంది. తీరానికి 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న హార్న్‌సీ-1లో దారి మధ్యలో దీన్ని సర్దే మరో కేంద్రం కట్టారు. ఇంకా దూరమైన డాగర్ బ్యాంక్‌లో కరెంటును డీసీగా మార్చి పంపుతారు. ఒడ్డున మళ్లీ ఏసీగా మారుస్తారు.

పునాదీ కేబులూ సిద్ధమయ్యాకే మర వస్తుంది. స్తంభం ముక్కలు, జనరేటర్ ఉండే నాసెల్, రెక్కలు ముందుగా రేవులో చేరతాయి. మామూలు రేవు దీనికి పనికిరాదు. వందల టన్నుల బరువు ఒక్కచోట నిలిపినా కుంగని నేల, పొడవాటి రెక్కలు పరచేంత ఖాళీ స్థలం, ఎత్తున అడ్డులేని ఓడల దారి కావాలి. మరలను మోసుకెళ్లే ఓడకు నాలుగు లేదా ఆరు కాళ్లుంటాయి. గమ్యం చేరాక ఆ కాళ్లను అడుగుకు దించి, ఓడే నీటి పైకి లేస్తుంది. ఇక అలలు దాన్ని ఊపలేవు. డాగర్ బ్యాంక్‌లో పనిచేస్తున్న వోల్టేర్ ఓడ 3,000 టన్నులకు పైగా ఎత్తగలదు. ఇంత చేసినా గాలి ఎక్కువైతే రెక్క బిగించడం ఆపేయాల్సిందే. గాలి కోసం వెళ్లినవాళ్లే గాలి ఆగేదాకా కాచుకుని కూర్చుంటారు.

మర తిరగడం మొదలైనా మనిషికి పని తప్పదు. చిన్న పడవల్లో వెళ్లే సాంకేతిక సిబ్బంది అలలు మీటరున్నర దాటితే మర ఎక్కలేరు. దూరపు కేంద్రాల్లో వారాల తరబడి సముద్రంలోనే ఉండే ఓడలు వారికి ఇల్లూ వర్క్‌షాపూ అవుతాయి. పిడుగులు, ఉప్పు, వాన చినుకుల తాకిడి రెక్కల అంచులను తినేస్తాయి. పాతిక, ముప్పై ఏళ్లకు మర వయసైపోతుంది. విండెబీ మరలను 2017లో విప్పేశారు.

భారత తీరంలో

భారత ప్రభుత్వం సముద్ర పవన విద్యుత్ విధానాన్ని 2015లో ప్రకటించింది. చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థకు కొలతల బాధ్యత అప్పగించారు. గుజరాత్‌లోని పిపావావ్ తీరానికి 23 కిలోమీటర్ల దూరంలో, ఖంభాత్ సింధుశాఖ దగ్గర 2017 నవంబరులో మొదటి లైడార్ నిలిచింది. 2022కల్లా 5,000 మెగావాట్లు, 2030కల్లా 30,000 మెగావాట్లు సాధించాలని 2018లో లక్ష్యం పెట్టుకున్నారు. మొదటి గడువు దాటింది, ఒక్క మరా లేవలేదు.

కారణం ధరే. నేల మీది గాలి, సౌర విద్యుత్తు చవగ్గా దొరుకుతుంటే, ఖరీదైన సముద్రపు కరెంటును డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, ఎందుకు కొంటాయి? ఈ తేడాను పూడ్చడానికి కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున రెండు కేంద్రాలకు 6,853 కోట్లు, రెండు రేవులను తీర్చిదిద్దడానికి 600 కోట్లు కేటాయించారు. ఒడ్డుకు కరెంటు తెచ్చే సబ్‌స్టేషన్, కేబుళ్ల పని ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్‌ది. వెయ్యి మెగావాట్ల నుంచి ఏటా 372 కోట్ల యూనిట్లు వస్తాయని అంచనా. అంటే మరలు తమ పూర్తి సామర్థ్యంలో 42 శాతం పని చేస్తాయన్నమాట. నేల మీద ఇది సాధారణంగా 20–30 శాతం మధ్యే.

ఆ ఏడాది సెప్టెంబరులో గుజరాత్ కేంద్రానికి టెండర్ పిలిచారు. గడువు పలుమార్లు పొడిగించి, చివరకు 2025లో రద్దు చేశారు. ఇది ఒక్క భారతదేశపు కష్టం కాదు. ఉక్కు ధరలు, వడ్డీలు పెరిగాక 2023లో డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్ అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో రెండు పెద్ద ప్రాజెక్టులను మధ్యలోనే వదులుకుంది.

తెలుగు తీరం వంతు

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్నా, మొదటి జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు. కన్యాకుమారి, రామేశ్వరం వైపు వీచే గాలి దేశంలోనే బలమైనది. తెలుగు తీరంలో అంత జోరు లేదు. పైగా విశాఖపట్నం వైపు తీరం నుంచి కొంత దూరం వెళ్లేసరికే సముద్రం ఒక్కసారిగా లోతవుతుంది. కృష్ణా, గోదావరి ముఖాల దగ్గర నదులు తెచ్చిన మెత్తని బురద మందంగా పేరుకుని ఉంది. అక్కడ పైలు ఇంకా లోతుకు దిగాలి.

తుఫాను మరో లెక్క. గంటకు 90 కిలోమీటర్ల గాలి వీస్తే మర తనంతట తాను ఆగిపోతుంది. రెక్కలు గాలికి అంచు చూపేలా తిప్పుకుని నిలబడుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను గాలి వేగం దానికి దాదాపు రెట్టింపు. తుఫాన్ల తీరాల కోసం సెకనుకు 57 మీటర్ల గాలిని తట్టుకునే మరలను ప్రత్యేకంగా తయారు చేస్తున్నారు. అంత బలానికి ఉక్కు పెరుగుతుంది, ఉక్కుతో పాటు ధర పెరుగుతుంది.

కొన్ని విషయాలు మాత్రం ఈ తీరానికి కలిసొస్తాయి. నడిసంద్రంలో ఉక్కు పాతడం ఇక్కడివారికి తెలిసిన పనే. కోనసీమ దగ్గర రవ్వ క్షేత్రంలో చమురు ప్లాట్‌ఫారాలు దశాబ్దాలుగా ఉన్నాయి. కృష్ణా–గోదావరి బేసిన్ లోతు నీటి నుంచి 2009లో గ్యాస్ ఒడ్డుకు వచ్చింది. విశాఖలో ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, రేవు ఒకే ఊళ్లో ఉన్నాయి. అయితే ఆ నీటి మీద మొదటి హక్కు మత్స్యకారులది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం పోను, మిగతా పది నెలలూ వారి బతుకు అక్కడే. మరల మధ్య వల వేయనిస్తారా, వేయనివ్వకపోతే పరిహారం ఎంత అన్నది ముందే తేలాలి.

మరిపెడ మోటారు దాకా

సముద్రపు కరెంటు తీరంలో ఆగిపోదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. 2023లో పూర్తయిన వరోరా–కర్నూలు 765 కేవీ లైను వరంగల్ మీదుగానే వెళ్తుంది. గుజరాత్ తీరంలో మర తిరిగినా, తమిళనాడు తీరంలో తిరిగినా, వరంగల్–ఖమ్మం రోడ్డు మీదున్న మరిపెడలో పొలం మోటారుకు అందే కరెంటులో అది కలుస్తుంది. సముద్రం లేని తెలంగాణకూ ఇందులో సంబంధం అక్కడే.

అక్కడి పత్తి, మిర్చి, వరి రైతుల బోర్ల మీద ఉండే ఐదు హెచ్‌పీ మోటారు నష్టాలను పక్కన పెడితే 3.7 కిలోవాట్లు తీసుకుంటుంది. పూర్తి వేగంతో తిరిగే 13 మెగావాట్ల మర ఒక్కటి అలాంటి మోటార్లు దాదాపు 3,500 నడుపుతుంది. గాలి ఎప్పుడూ ఆ వేగంతో వీచదు కాబట్టి ఏడాది సగటు అందులో సగానికి లోపే ఉంటుంది. సౌర విద్యుత్తు పొద్దుగూకాక ఆగిపోతుంది, గాలి రాత్రి కూడా వీస్తుంది. అది వీయని వేళకు నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి చోట్ల నీటిని పైకి తోడి నిల్వ చేసి, అవసరానికి దించి కరెంటు తీసే కేంద్రాలు తోడవుతున్నాయి.

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి అమలైంది. ఆ కరెంటుకు రైతు బిల్లు కట్టడు, ప్రభుత్వం కడుతుంది. కొనే కరెంటులో కొంత భాగం గాలి, ఎండ వంటి వనరుల నుంచే ఉండాలన్న నిబంధన డిస్కంలకు ఉంది. ఆ భాగాన్ని రాయలసీమ కొండల నుంచి తెచ్చుకోవాలా, నడిసంద్రం నుంచా అన్నది యూనిట్ ధరే తేలుస్తుంది. పునాది, కేబుల్, రేవు, ఓడ ఎంత చవకైతే సముద్రపు మర మరిపెడకు అంత దగ్గరవుతుంది.